ఆ రెండో పిల్లవాడు: ‘ది రోడ్’ నవల, దాని పాఠకులు



ఈ సభ ఎవరి పేరున జరుగుతోందో ఆ మాస్టారిని పొగడటానికి సమయం వృథా చెయ్యొద్దని వాళ్ళమ్మాయి ఫోన్లోనే హెచ్చరించారు. సన్మానం అంటే వెనక గుమ్మంలోంచి జారుకునే మనిషి ఆయన. అందుకని ఆయనకు ఇష్టమైన పనే చేద్దాం. ఒక నవల తీసుకుని, చదివినవాళ్ళు ఏమన్నారో, ఎందుకన్నారో చూద్దాం. విమర్శకులు ఏం రాశారన్నది ఆయనకు తర్వాతి సంగతి. పుస్తకం సగంలో మూసేసినవాడు ఏ పేజీలో మూశాడో ముందు అది కనుక్కోమనేవారు.

నేను ఎంచుకున్నది అమెరికన్ రచయిత కార్మాక్ మెకార్తీ నవల ‘ది రోడ్’. 2006లో నాఫ్ సంస్థ అచ్చువేసింది. మరుసటి ఏడాది పులిట్జర్ బహుమతి వచ్చింది. తెల్లవార్లూ కూర్చుని చదివినవాళ్ళున్నారు, చదవలేక అవతల పడేసినవాళ్ళున్నారు. పరవాలేదు, బాగుంది అని ఊరుకున్నవాళ్ళు మాత్రం నాకు పెద్దగా తగల్లేదు.

చదవని వాళ్ళ కోసం కథ రెండు ముక్కల్లో చెబుతాను. ఒక రాత్రి ఏదో జరిగింది. గడియారాలు 1:17 దగ్గర ఆగిపోయాయి. కిటికీలో పెద్ద వెలుగు, ఆ వెనక దూరంగా వరసగా అదురు. ఇంటాయన చప్పున వెళ్ళి స్నానాల తొట్టి కుళాయి తిప్పాడు. ఈ వేళప్పుడు స్నానమేమిటని భార్య అడిగింది. స్నానానికి కాదన్నాడు. కుళాయిలో నీళ్ళు ఆగిపోయేలోగా పట్టుకోవాలని అతనికి తట్టింది, ఆమెకు ఇంకా తట్టలేదు. ఉపద్రవం గురించి నవలలో ఉన్నది దాదాపు అంతే. అసలు కథ కొన్నేళ్ళ తర్వాత మొదలవుతుంది. చెట్లు చచ్చి నిలబడి ఉంటాయి. పిట్ట లేదు, పైరు లేదు, సూర్యుడు సరిగా కనిపించడు, ఎటు చూసినా బూడిద. ఆ తండ్రి, ఉపద్రవం తర్వాత పుట్టిన అతని కొడుకు, సూపర్ మార్కెట్ తోపుడుబండిలో దుప్పట్లూ డబ్బాలూ వేసుకుని దక్షిణంగా సముద్రం వైపు నడుస్తుంటారు. ఉన్నచోటే ఉంటే ఇంకో చలికాలం గడవదు. వెనక ఎవరొస్తున్నారో చూసుకోవడానికి బండికి మోటార్ సైకిల్ అద్దం బిగించి ఉంటుంది. తండ్రి దగ్గర పిస్తోలు, అందులో రెండు తూటాలు. తిండి మిగలని లోకంలో మనుషులు మనుషుల్ని తింటున్నారు. వీళ్ళిద్దరూ తినరు. ఇద్దరికీ పేర్లు లేవు.

ఇది ఎవరి చేతుల్లో పడిందో చూడండి, స్పందన సగం దాన్ని బట్టే ఉంది. మెకార్తీ 1933లో పుట్టి, టెనెసీ రాష్ట్రం నాక్స్‌విల్‌లో పెరిగినవాడు. 1985లో వచ్చిన ‘బ్లడ్ మెరిడియన్’ లాంటి నెత్తుటి నవలలు రాశాడు. అతని పాఠకులు ఆ నెత్తురుకి అలవాటు పడినవాళ్ళు. ఇంటర్వ్యూలంటే ఆయనకు గిట్టేది కాదు. అలాంటిది 2007లో ఓప్రా విన్‌ఫ్రే తన బుక్ క్లబ్‌కి ఈ నవలను ఎంచుకుంది. ఆ జూన్‌లో ఆయన ఆమె ఎదురుగా కూర్చుని మొట్టమొదటి టీవీ ఇంటర్వ్యూ ఇచ్చాడు. దాంతో మెకార్తీ పేరే వినని వాళ్ళ ఇళ్ళలోకి పుస్తకం వెళ్ళింది. నెత్తుటి నవల కోసం వెతుక్కుంటూ వచ్చినవాళ్ళు కాదు వీళ్ళు. రాత్రి పిల్లల్ని పడుకోబెట్టి దీపం కింద కూర్చున్నవాళ్ళు.

నవల ఎలా పుట్టిందో ఆ ఇంటర్వ్యూలోనే చెప్పాడు. అరవై దాటాక కలిగిన కొడుకు జాన్‌ని తీసుకుని టెక్సస్‌లోని ఎల్ పాసో వెళ్ళాడు. పిల్లాడికి అప్పుడు మూడు, నాలుగేళ్ళు. పాత హోటల్లో దిగారు. రాత్రి రెండో మూడో అయింది, పిల్లాడు నిద్రపోతున్నాడు. కిటికీ దగ్గర నిలబడి ఊరిని చూస్తూ యాభయ్యేళ్ళకో నూరేళ్ళకో ఇది ఎలా ఉంటుందా అనుకున్నాడట. కొండ మీద మంటలు మనసులో మెదిలాయి. రెండు పేజీలు రాసి పక్కన పెట్టాడు. కొన్నేళ్ళ తర్వాత ఐర్లండ్‌లో ఉన్నప్పుడు గాని అవి రెండు పేజీలు కావు, నవల అని తెలిసిరాలేదు. పుస్తకం ఆ కొడుక్కే అంకితమిచ్చాడు. నవలలో పిల్లాడి మాటలు చాలావరకు జాన్ అన్నవేనని తర్వాత ఒప్పుకున్నాడు కూడా.

ఇక ఫిర్యాదులు. ఎక్కువగా వినిపించేది, లోకం ఎందుకు తగలబడిందో చెప్పడేమిటని. అణుయుద్ధమా, ఉల్కా, అగ్నిపర్వతమా? మెకార్తీ న్యూమెక్సికోలో శాంటా ఫే ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థలో శాస్త్రవేత్తల మధ్య గడిపేవాడు. అక్కడి భూగర్భ శాస్త్రజ్ఞులు కొందరు ఇది ఉల్కాపాతంలా ఉందన్నారట. ఏదైనా కావచ్చు, అది ముఖ్యం కాదని ఆయన కొట్టిపారేశాడు. ముఖ్యం కాదంటే పాఠకుడు ఊరుకుంటాడా! ఖాళీ వదిలిన చోట తన భయం తెచ్చి పెట్టుకున్నాడు. 1983లో కార్ల్ సాగన్ బృందం అణుయుద్ధం తర్వాత వచ్చే అణుశీతకాలం గురించి చెప్పిన మాటలు వింటూ పెరిగినవాడు ఈ బూడిదలో బాంబును చూశాడు. న్యూయార్క్ జంట భవనాలు కూలి అప్పటికి అయిదేళ్ళే. ఆ దుమ్ము మీద పడినవాళ్ళకు ఇది ఊహాలోకం కానే కాదు. ఇంగ్లండులో జార్జ్ మాన్‌బియో ‘గార్డియన్’ పత్రికలో 2007 అక్టోబరులో, పర్యావరణం మీద ఇంతవరకు వచ్చిన పుస్తకాల్లో బహుశా ఇదే అన్నిటికంటే ముఖ్యమైనదని రాసేశాడు. నవలలో వాతావరణ మార్పు ఊసు ఒక్క వాక్యంలోనైనా లేదు. ఆయన వాదన వేరు. జీవరాశి అంతా పోయాక మనిషికి ఏం మిగులుతుందో ఎవరూ ఇంత కచ్చితంగా ఊహించి చూపలేదని. ఆ మాటలో నిజముంది. వీళ్ళు నవల పొడుగునా దాదాపు పాతవే తింటారు. కొత్తగా పండింది ఒక్క గింజ లేదు. పాత తోటలో రాలి ఎండిన ఆపిళ్ళు దొరికితే పండగ.

కొటేషన్ గుర్తులు లేవని, అపాస్ట్రఫీలు ఎగ్గొట్టాడని, ఎవరు మాట్లాడుతున్నారో తెలియడం లేదని విసుక్కున్నవాళ్ళ గురించి ఎక్కువ చెప్పను. పేజీ నిండా పిచ్చి గీతలెందుకన్నది ఆయన వైఖరి. విరామచిహ్నాలు లేని తాళపత్రాలు చదివిన జాతి మనది, మనకు అదో అడ్డంకి కారాదు.

పనిలో పని ఒక పాత సంగతి. 1826లో మేరీ షెల్లీ ‘ది లాస్ట్ మ్యాన్’ అని, తెగులు వచ్చి మనుషులంతా పోయి ఒక్కడే మిగిలే నవల రాసింది. ‘ఫ్రాంకెన్‌స్టైన్’ రాసినావిడే. విమర్శకులు దుమ్మెత్తిపోశారు. ఆ తర్వాత అది 1960ల దాకా దాదాపు మరుగున పడి ఉంది. కాలం మారింది, ఇప్పుడు లోకం ముగిసిపోయే కథకు పులిట్జర్ ఇస్తున్నారు. ఇది పాఠకుల గుండె గట్టిపడటమో, భయం దగ్గరపడటమో నేను తేల్చలేను.

అసలు విషయానికి వస్తాను. 2009లో, ఈ నవల సినిమాగా విడుదలయ్యే రోజుల్లో, వాల్ స్ట్రీట్ జర్నల్ విలేకరితో మెకార్తీ ఒక మాట చెప్పాడు. ఒకే ఉత్తరం తనకు ఓ ఆరుగురి దగ్గర్నుంచి వచ్చిందట. ఒకటి ఆస్ట్రేలియా నుంచి, ఒకటి జర్మనీ నుంచి, ఒకటి ఇంగ్లండు నుంచి. అందరూ రాసింది ఒకటే. రాత్రి భోంచేసి పుస్తకం పట్టుకున్నాను, తెల్లవారుజామున పావుతక్కువ నాలుగింటికి పూర్తిచేశాను, మేడ మీదికి వెళ్ళి పిల్లల్ని లేపి, మంచం మీద కూర్చుని వాళ్ళను పొదువుకున్నాను అని.

ఈ నవలకు వచ్చిన స్పందనల్లో లోకమంతా తలూపింది దీనికే. నవలాకారుడు మైఖేల్ షేబాన్ కూడా న్యూయార్క్ రివ్యూ ఆఫ్ బుక్స్‌లో ఇది కన్నవాళ్ళ భయాల నవల అని తేల్చాడు. బిడ్డ పెద్దవాడు కాకముందే మనం పోతామేమో, వాడికి పాడైపోయిన లోకాన్ని అప్పజెప్పి పోతామేమో అన్న భయాలు. కాదనలేం. నేనూ తండ్రినే, ఆ వేళప్పుడు పుస్తకం మూసి పక్క గదిలోకి తొంగిచూసినవాణ్ణే.

నవలలో కోకో తాగే ఘట్టం ఒకటుంది. పొడి అయిపోవచ్చింది. తండ్రి పిల్లాడి కప్పులో ఉన్న పొడంతా వేసి, తన కప్పులో వేడినీళ్ళు పోసుకుంటాడు. పిల్లాడు పట్టేస్తాడు. అలా చెయ్యనని మాటిచ్చావుగా అంటాడు. చిన్న మాట తప్పినవాడు పెద్ద మాట కూడా తప్పుతాడని నువ్వే చెప్పావని గుర్తుచేస్తాడు. నిన్ను ఎప్పుడూ ఓ కంట కనిపెడుతూ ఉండాలి అంటాడు. ఇక్కడ కళ్ళు చెమర్చని తెలుగువాడు ఉండడు. గిన్నె అడుగున మెతుకులు మిగలకపోయినా “నేను తిన్నాలే” అనే అమ్మలున్న ఇళ్ళలోంచి వచ్చాం కదా.

అయితే నా అభ్యంతరం ఇక్కడే మొదలవుతుంది. ఆ ఉత్తరాలు రాసిన తండ్రులు నవలను తండ్రి పక్కన నిలబడి చదివారు. నవల మాత్రం ఆ తండ్రితో వాదన పెట్టుకుంది. తెల్లవారుజామున మన పిల్లల్ని మనం పొదువుకోవడం సరిగ్గా ఆ తండ్రి చేసే పనే. వాడు నవల పొడుగునా చేసేది అదొక్కటే, చాలా బాగా చేస్తాడు. కొడుకు అడిగేది వేరు.

ఆ వేరే సంగతి ఒక చిన్న ఘట్టంలో ఉంది. చాలామంది దాన్ని గబగబా దాటిపోతారు, ఎందుకంటే దాని పక్కన భయంకరమైనవి చాలా ఉన్నాయి. ఒక ఊళ్ళో తండ్రి ఇంట్లో ఏదో వెతుకుతుంటే, పిల్లాడికి రోడ్డుకు అవతల తన ఈడు పిల్లాడు కనిపిస్తాడు. పరుగెత్తి వెళ్తాడు, వాడు మాయమవుతాడు. తండ్రి వచ్చి చెయ్యి పట్టుకుని ఈడ్చుకొస్తాడు. అక్కడెవరూ లేరంటాడు. ఉన్నాడు, నేను చూశాను అని పిల్లాడు ఏడుస్తాడు. వాణ్ణి చూసుకునేవాళ్ళు ఎవరైనా ఉన్నారో లేదో, వాడు తప్పిపోయాడేమో, మనతో తీసుకెళదాం, నా తిండిలో సగం వాడికిస్తాను అంటాడు. తండ్రి కుదరదంటాడు. తండ్రి లెక్క తప్పు కాదు, అదే బాధ. రెండు నోళ్ళకే చాలనిది మూడు నోళ్ళకు ఎక్కడిది? ఈ రెండో పిల్లవాణ్ణి కొడుకు మర్చిపోడు. చాలా పేజీల తర్వాత, తండ్రి చనిపోయే ముందు, మళ్ళీ అడుగుతాడు. ఆ పిల్లాడు బాగానే ఉన్నాడంటావా అని.

పాఠకుల జాబితాల్లో ఆ పిల్లాడు ఎక్కడా కనపడడు. అందరికీ గుర్తున్నది నేలమాళిగ. తండ్రి తాళం పగలగొట్టి దిగితే లోపల బతికున్న మనుషులు, తిండి కోసం దాచిపెట్టిన మనుషులు, సాయం చెయ్యమని అడుగుతారు. చాలామంది పుస్తకం మూసేసింది ఇక్కడే. ఇంకొంచెం ముందుకెళ్తే నిప్పు మీద పసికందు దృశ్యం ఉంది. జాన్ హిల్‌కోట్ తీసిన సినిమాలో దాన్ని ఉంచలేదు. నేలమాళిగ భయపెడుతుంది, సందేహం లేదు. కానీ భయం ఒక రకంగా సుఖం. అక్కడ ఎవరు రాక్షసులో మనకు తెలుసు, మనం రాక్షసులం కామనీ తెలుసు. ఆ రెండో పిల్లాడి దగ్గర ఆ సుఖం లేదు.

సముద్రం ఒడ్డున దొంగ ఘట్టం ఇంకా కఠినం. ఒకడు వీళ్ళ బండి మొత్తం ఎత్తుకుపోతాడు. తండ్రి వెంటాడి పట్టుకుంటాడు. ఆ దొంగ కుడిచేతికి వేళ్ళు లేవు, ఎవరో నరికేశారు. తండ్రి పిస్తోలు చూపించి బట్టలు విప్పమంటాడు. విప్పిస్తాడు, ఆఖరికి బూట్లు కూడా. ఆ చలిలో వాణ్ణి దిసమొలతో నిలబెట్టి, బట్టలు బండిలో వేసుకుని బయల్దేరతాడు. నువ్వు మాకు చేసిందే నీకు చేస్తున్నానంటాడు. కొడుకు ఏడుపు ఆపడు. వాడికి ఆకలేసింది నాన్నా, చచ్చిపోతాడు అంటాడు. నాకూ భయంగానే ఉంది, అన్నీ పట్టించుకోవలసినవాడివి నువ్వు కాదు కదా అని తండ్రి కసురుతాడు. కొడుకు ఏదో గొణుగుతాడు. ఏమిటంటే, పట్టించుకోవలసినవాణ్ణి నేనే అంటాడు. వెనక్కి వెళ్తారు, దొంగ కనపడడు. బట్టలూ బూట్లూ రోడ్డు మీద పెట్టి, ఎగిరిపోకుండా రాయి ఉంచి వస్తారు. నేను వాణ్ణి చంపేవాణ్ణి కాదు అని తండ్రి రాత్రి సంజాయిషీ చెబుతాడు. చంపేశాం కదా అంటాడు కొడుకు.

మాస్టారి దగ్గర ఒక పద్ధతి ఉండేది, పాతవాళ్ళకు గుర్తుంటుంది. ఆయన బీరువాలోంచి పుస్తకం తీసుకెళ్ళినవాళ్ళు తిరిగి ఇచ్చేటప్పుడు రిజిస్టరులో రెండు ముక్కలు రాయాలి. బాగుంది, అద్భుతం లాంటి మాటలు కొట్టేసేవారు. ‘ది రోడ్’ ప్రతి ఇక్కడ చాలా చేతులు మారింది. ఈ ఉపన్యాసం కోసం ఆ పేజీలు తిరగేశాను. దొంగ ఘట్టం గురించి ఒక రిటైర్డ్ పోలీసు ఉద్యోగి రాసింది చూసి ఆగిపోయాను. తండ్రి చేసింది న్యాయమే, కాని న్యాయం అయిపోయాక బట్టలు ఇచ్చేయాల్సింది అని. ఇంకొకాయన, పాపం ఎరువుల దుకాణం నడుపుతాడు, డబ్బాలో తిండికి గడువు తేదీ ఉండదా, ఇన్నేళ్ళు నిల్వ ఉంటుందా అని నిలదీశాడు. ఒక కుర్రాడు, తన క్లాసులో అందరూ దీన్ని సినిమాగా చూశారని, చదివింది తానొక్కడేనని గొప్పగా రాసుకున్నాడు.

కాని ఆ పేజీల్లో ఎక్కువగా ఉన్నది తల్లి గురించి. ఆడవాళ్ళ చేతిరాతే ఎక్కువ. నవలలో తల్లి కొద్ది పేజీలే ఉంటుంది, అదీ జ్ఞాపకాల్లో. ఒక రాత్రి చీకట్లోకి వెళ్ళి, నల్లటి అగ్నిశిల పెంకు అంచుతో ప్రాణం తీసుకుంటుంది. నిద్రపోతున్న కొడుక్కి చెప్పి వెళ్ళమని భర్త బతిమాలతాడు. చెప్పదు. అమెరికాలో ఈ పాత్ర మీద రెండు వైపుల నుంచీ విరుచుకుపడ్డారు. తల్లి అలా వదిలేసి పోతుందా అని కొందరు, ఆడమనిషికి మెకార్తీ నవలల్లో ఎప్పుడూ ఇంతే చోటా అని కొందరు. రెండో మాట ఒప్పుకోక తప్పదు. సినిమా తీసినవాళ్ళకు కూడా ఆ ఖాళీ ఇబ్బంది పెట్టినట్టుంది. చార్లీజ్ థెరాన్‌ను పెట్టి గతాన్ని చాలా పెంచారు.

మన రిజిస్టరులో ఆడవాళ్ళు ఆమెను తిట్టలేదు. ఆమె అడిగినదానికి భర్త దగ్గర జవాబు ఉందా అని అడిగారు. ఇది నాకు తట్టని కోణం. మళ్ళీ తీసి చదివితే నిజంగానే లేదు. వాళ్ళు మనల్ని పట్టుకుంటారు, చెరుస్తారు, చంపుతారు, తింటారు అంటుంది. మూడు తూటాలు ఉన్నప్పుడే ఈ పని అయిపోవలసింది, ఇప్పుడు రెండే ఉన్నాయి అంటుంది. ముగ్గురు మనుషులు, మూడు తూటాలు. ఆమె కూడా లెక్కే వేసింది. భర్త లెక్కకూ ఆమె లెక్కకూ అంకెలు ఒకటే, జవాబులు వేరు. మనం ఇద్దరిలో ఒకరిని వీరుడనీ, ఒకరిని పిరికిదనీ అనడం ఎందుకో ఆలోచించండి. ఆ రెండు లెక్కల మధ్య పుట్టిన పిల్లాడు అసలు లెక్కే వెయ్యడు, సగం ఇచ్చేస్తానంటాడు.

రోడ్డు పక్కన ఒక్క ఇల్లూ తలుపు తియ్యదేమిటి అని కూడా రిజిస్టరులో పదే పదే ఉంది. అన్నం పెట్టే చెయ్యి ఒక్కటీ ఉండదా అని. ఇది మన దగ్గర వచ్చినంతగా అమెరికన్ సమీక్షల్లో నాకు కనపడలేదు. అతిథికి వేళ కాని వేళ వండిపెట్టిన డొక్కా సీతమ్మ గారి పేరు కోనసీమలో ఆక్విడక్టుకు పెట్టుకున్న జనం మనం. పైగా ఈ పుస్తకం ఇక్కడ చేతులు మారిన ఏళ్ళలోనే 2020 మార్చి వచ్చింది. లాక్‌డౌన్ పెట్టాక హైదరాబాదు చుట్టుపక్కల నుంచి వలస కూలీలు 44వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని మేడ్చల్, కామారెడ్డి, నిర్మల్, ఆదిలాబాద్ మీదుగా ఉత్తరాదికి నడిచారు. కోస్తాలో 16వ నంబరు రహదారి మీద ఒడిశా వైపు నడిచారు. తలమీద మూటలు, చంకన పిల్లలు, లాక్కుంటూ చక్రాల సూట్‌కేసులు. నవల చదివినవాళ్ళకు తోపుడుబండి గుర్తుకురాకుండా ఉంటుందా? రోడ్డు పక్క ఊళ్ళవాళ్ళు పులిహోర పొట్లాలు, మజ్జిగ ప్యాకెట్లు, చెప్పులు పంచారు. అది నిజం. కొన్ని ఊళ్ళవాళ్ళు రోడ్డుకు అడ్డంగా ముళ్ళకంప వేసుకున్నారు. అదీ నిజమే. తెలుగు పాఠకుడు ఈ నవలను నడిచేవాడి వైపు నుంచి కాకుండా, రోడ్డు పక్క ఇంట్లో తలుపు వెనక నిలబడి చదివాడని నాకు అనిపిస్తుంది.

మనం మరీ మురిసిపోనక్కర్లేదు. 1832-33 నాటి నందన కరువులో గుంటూరు ప్రాంతంలో లక్షకు పైగా జనం పోయారు. ఊళ్ళకు ఊళ్ళు లేచి రోడ్డున పడ్డాయి, రోడ్డు పక్కనే రాలిపోయాయి. 1876లో ధాత కరువు మొదలైనప్పుడు రాయలసీమ బళ్ళారి ప్రాంతాలు ఎండిపోయాయి. 1877లో కరువు పర్యవేక్షణకు బ్రిటిష్ ప్రభుత్వం పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ వచ్చి, కరువు పనులు చేసే మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలని నిర్ణయించాడు. మన లెక్కలో అరకిలో కూడా కాదు. మద్రాసు ప్రభుత్వ వైద్యాధికారి కార్నిష్ అది మనిషి బతకడానికి చాలదని పోరాడాడు. టెంపుల్ దొర మెకార్తీ నవలలో తండ్రి లాంటివాడు కాదు, ఆయన ఖజానాలో డబ్బుంది. అదే తేడా. నిజంగా లేనివాడి లెక్కా, ఉండి వేసినవాడి లెక్కా కాగితం మీద ఒకేలా కనిపిస్తాయి. ఈ నవల చదివి, కష్టకాలంలో మనిషి ఇంతే, ఎవడి బతుకు వాడిది అని తీర్మానించుకున్న పాఠకులు చాలామంది తగులుతారు. బంకరు తవ్వుకుని డబ్బాలు పేర్చుకునే అమెరికన్లకైతే ఇది దాదాపు చేతిపుస్తకం అయిపోయింది. నాకు ఒళ్ళు మండే స్పందన ఇదొక్కటే. పుస్తకంలో నిండా సరుకున్న బంకరు తండ్రికి దొరుకుతుంది. డబ్బాలు పేర్చి దాచుకున్నవాళ్ళు ఒక్కరూ అందులో లేరు. భోజనానికి కూర్చుని కొడుకు ఆ కనపడని వాళ్ళకే కృతజ్ఞత చెబుతాడు, మీరుంటే ఇది ముట్టుకునేవాళ్ళం కాదు అంటాడు.

ఇక ముగింపు మీద రగడ. తండ్రి దగ్గుతూ దగ్గుతూ చనిపోతాడు. పిల్లాడు మూడు రోజులు శవం దగ్గరే ఉంటాడు. తర్వాత రోడ్డు మీద తుపాకి పట్టుకున్న మనిషి ఎదురవుతాడు. అతనికి భార్య ఉంది, ఒక కొడుకు, ఒక కూతురు. పిల్లాణ్ణి తమతో తీసుకుపోతారు. ఇంతసేపు నరకం చూపించి ఆఖర్న మంచివాళ్ళను దించుతాడా, ఇది దేవుడు దిగొచ్చే నాటకమా అని ఆక్షేపించినవాళ్ళు గట్టి పాఠకులే. సినిమా ఆ ఆక్షేపణ విన్నట్టే ఉంది. మిమ్మల్ని చాలాకాలంగా వెంబడిస్తూ వచ్చామని ఆ ఇల్లాలి చేత చెప్పించి ముడి వేసింది. ముడి అవసరం లేదనుకుంటాను. ఆ రెండో పిల్లవాణ్ణి గమనించినవాళ్ళకు ఈ ముగింపు ఊడిపడిందిగా అనిపించదు. కొడుకు నవలంతా ఏది చెయ్యమని తండ్రిని బతిమాలాడో, దాన్నే ఎవరో అతనికి చేశారు. పరాయి పిల్లాణ్ణి చూసి, చూడనట్టు పోలేదు.

మెకార్తీ దీన్ని తేనె పూసి కూడా ఇవ్వలేదు. మీరు మంచివాళ్ళని నాకెలా తెలుస్తుంది అని పిల్లాడు అడిగితే, తెలియదు, తెగించి చూడాల్సిందే అంటాడు ఆ మనిషి. మీరు మనుషుల్ని తింటారా అనీ అడుగుతాడు పిల్లాడు. నాన్నను అలా వదిలేయొద్దంటే దుప్పటి కప్పుతానని ఆ మనిషి మాటిస్తాడు. పిల్లాడు వెళ్ళి చూస్తే కప్పే ఉంటుంది. చిన్న మాట నిలబెట్టుకున్నాడు. కోకో దగ్గర పిల్లాడు నేర్చుకున్న కొలబద్ద ఇదే కదా.

చివరి పేరా గురించి ఇంకా కొట్టుకుంటూనే ఉన్నారు. కొండవాగుల్లో ఒకప్పుడు చేపలుండేవని, వాటి వీపు మీద లోకం పుట్టుక పటం గీసినట్టుండేదని చెప్పే పేరా అది. ఆశ అని ఒకరు, శ్రాద్ధం అని ఒకరు. నేను శ్రాద్ధం పక్షం. పోయినదాన్ని తిరిగి నిలబెట్టలేమని రచయిత దాచకుండా చెప్పాడు. చేప రాదు, పైరు రాదు, ఆ నలుగురి తిండి కూడా ఎక్కడో ఒకచోట అయిపోతుంది. అందుకే ఆ కుటుంబం చేసిన పని నాకు అంత పెద్దదిగా కనపడుతుంది. నీ వెనక రావాలా వద్దా అని మాలో మేం వాదించుకున్నాం అని ఆ మనిషి పిల్లాడితో చెబుతాడు, ఒక్క ముక్కలో. ఆ వాదనలో ఎవరు ఏమన్నారో మెకార్తీ రాయలేదు. ఇంకో నోరు ఎందుకు అన్నవాళ్ళు ఎవరో ఒకరు ఉండే ఉంటారు, వాళ్ళ లెక్కా తప్పయ్యుండదు. గెలిచింది ఆ ఇల్లాలని నా అనుమానం. పిల్లాడు కనపడగానే రెండు చేతులూ చుట్టి, నిన్ను చూడటం ఎంత సంతోషంగా ఉందో అన్నది ఆవిడే. దీనికి నవలలో ఇంతకు మించి ఆధారం లేదు. కాదనేవాళ్ళు ఉంటే టీ తాగుతూ మాట్లాడుకుందాం.